పన్ను కార్డు

విమానం దిగేసరికి వాన.
స్టవాంగర్‌లో అది వార్త కాదు.
నా చేతిలో అట్టముక్క మీద వాళ్ళ ఇంటిపేరు,
సంచిలో మూడు జతల ఉన్ని మేజోళ్ళు.
కంపెనీ ఇచ్చేవి కావు, నేను కొనేవి.
పందొమ్మిదేళ్ళుగా ఇదే నా పని:
ఒక దేశం నుంచి ఊడొచ్చిన కుటుంబాన్ని
ఇంకో దేశంలో బిగించడం.

ఫారంలో నలభై రెండు గళ్ళు.
పోలీసు స్టేషన్లో వేలిముద్రలు. గుర్తింపు సంఖ్య.
బ్యాంకు. పన్ను కార్డు.
బడిలో పిల్లాడి పేరు రాసిన కొక్కెం,
దానికి తగిలించడానికి రబ్బరు ప్యాంటు.
చెత్తకి నాలుగు రంగుల డబ్బాలు, ఏది ఎందులోనో
ఒక్కసారికి నేర్చుకున్నవాళ్ళని నేను చూడలేదు,
అద్దంలో కూడా.

వీళ్ళది బ్రెజిల్లో మకాయె. అదీ చమురు ఊరే.
ఎవాండ్రో సముద్రం మీది బావులకి ఇంజినీరు,
రెండు వారాలు నీళ్ళ మీద, నాలుగు వారాలు ఇంట్లో.
ఆయన గళ్ళన్నీ పదకొండు రోజుల్లో నిండాయి.
పిల్లాడు కైకే, ఆరేళ్ళవాడు,
మూడో వారానికే
వానకి ఇక్కడి పేర్లు ఐదు పట్టుకొచ్చాడు ఇంటికి.

జుసారాకి గడి ఒక్కటే.
"వెంట వచ్చినవారు" అని ఉంటుంది.
పక్కన టిక్కు పెట్టడానికి చోటుంది,
రాయడానికి లేదు.

పద్నాలుగేళ్ళు పళ్ళ డాక్టరు.
ఆ పట్టా ఇక్కడ చెల్లాలంటే భాష పరీక్ష,
ఆపైన ఇంకో పరీక్ష, ఆపైన ఎదురుచూపు.
నేను లింకులు పంపాను.
తల్లుల కాఫీ గుంపు చిరునామా పంపాను.
"బాగున్నావా" అంటే "బాగున్నాను" అంది.
ఆ జవాబు నాకు తెలుసు,
పెదవులు దాటి పళ్ళు కనిపించనిది.

తొంభయ్యో రోజు ఫైలు మూసెయ్యాలి.
కంపెనీ డబ్బు కట్టింది అంతవరకే.
సంతకానికి వెళ్ళాను. నవంబరు, నాలుగింటికే చీకటి.
ఎవాండ్రో సముద్రంలో ఉన్నాడు.
పొయ్యిలోంచి తీసిన జున్ను ఉండలు పెట్టింది,
తింటూ నేను మళ్ళీ
నీలం డబ్బా సంగతి మొదలుపెట్టాను.

ఆమె వినడం లేదు.
నా దవడని చూస్తోంది.

"టోరున్, నువ్వు ఎడమవైపు నమలడం లేదు.
ఎన్నాళ్ళయింది?"

ఎవరికీ చెప్పలేదు నేను.
వాళ్ళు దిగిన వారం నుంచీ
పంటి బిగువునే నెట్టుకొస్తున్నాను.
"ఇక్కడ నేను చూడకూడదు కదా" అంటూనే లేచింది.
చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, చాలాసేపు.
కైకే ఫోను లైటు పట్టుకున్నాడు.
చెంచా వీపు నా బుగ్గ లోపల చల్లగా తగిలింది.

"తెరువు. ఇంకొంచెం. కదలకు."

తొంభై రోజుల్లో ఆ గొంతు వినడం అదే మొదలు.
యాస ఉంది, తప్పులున్నాయి,
సంకోచం మాత్రం లేదు.

పైవరసలో, వెనక నుంచి రెండోది. పగిలింది.
సోమవారం దాటనివ్వకు, అంది.

దాటనిచ్చాను. మంగళవారం వెళ్ళాను.
డాక్టరు ఎక్స్‌రే తీసి, బిల్లు వేసి, అదే మాట చెప్పాడు.
ముందు ఎవరు చూశారన్నాడు.
పేరు చెప్పాను, అక్షరం అక్షరం విడదీసి రాయించాను.
సహాయకులు కావాలని గోడ మీద కాగితం.
తిమ్మిరెక్కిన నోటితో ఏమడుగుతాను?
బుధవారం ఫోన్ చేసి అడిగాను.

ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఫైలు మూయలేదు నేను.
ఫారం అడుగున చేత్తో గీశాను, వంకరగా,
నలభై మూడో గడి:
వెంట వచ్చినవారి కన్ను దేన్ని పట్టుకుంటుంది?

మా మేనేజరు ఫ్రోడె దాన్ని అటూ ఇటూ తిప్పి,
ఇది ఏ పద్దు కింద రాయాలి, అన్నాడు.
నోటికి మత్తిచ్చారు, మాట రావడం లేదని
సైగ చేసి బయటపడ్డాను.
మత్తు దిగి అప్పటికి రెండు రోజులు.